పక్క సీటులో బ్రేకు

ఆయన్ని వీధిలో అందరూ బ్రేకు బాబాయి అంటారు. ఆ పేరు పెట్టిందెవరో గానీ, కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. సైకిలు మీద పోయే పిల్లాడి దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకరు తోలేవాడి దాకా ఎవరు ఎదురుపడినా ఒకటే పలకరింపు: "బ్రేకు పడుతోందా?" బాగున్నావా అని అడగడు, తిన్నావా అని అడగడు. ఎదుటివాడికి బ్రేకు పడుతోందంటే ఇక వాడి బతుక్కి ఏ లోటూ లేదన్నమాట.

కుదురన్నది ఆయన పుట్టుకలోనే లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఎవరిదో ఒకరి బండి వెనక వంగి చూడాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ విసురంతా బస్సు మోసింది. పొద్దున్నే డిపోలో బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కండక్టర్ని వెనక నిలబెట్టి తను బ్రేకు తొక్కేవాడు. "వెలిగిందా?" "వెలిగింది." "ఆరిందా?" "ఆరింది." ఈ మాటలయ్యాకే బండి గేటు దాటేది. "ఒకడు తొక్కాలి, ఒకడు చూడాలి. తనే తొక్కి తనే చూసుకుంటానన్నవాడి బండి ఎక్కకు" అని కొత్త డ్రైవర్లకి పాఠం చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ విసురంతా వచ్చి ఇంటిమీద పడింది. పాపం, ఇల్లు మాత్రం ఎంతని మోస్తుంది?

ఆ మరుసటేడే షుగరు కుడికాలి మీద పడింది. ముందు వేళ్ళు మొద్దుబారాయి. తర్వాత చెప్పులు జారిపోవడం మొదలైంది. బజారుకని బయల్దేరిన మనిషి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేవాడు. రెండో చెప్పు వీధి మధ్యలో ఎక్కడో పడుంటే ఎదురింటివాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు. "చెప్పుల సైజు తేడా" అని తేల్చేసి కొత్తవి కొన్నాడు. అవీ జారాయి. చివరికి భార్య చెయ్యిపట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆ డాక్టరు సన్నటి దారప్పోగు లాంటిదొకటి తీసి, "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. ఈయన మూసుకున్నట్టే మూసుకుని రెప్పల సందులోంచి చూస్తూ, పోగు ఆనినప్పుడల్లా "ఆ", "ఆ" అని బుద్ధిమంతుడిలా జవాబులిచ్చాడు. మరీ అన్నీ ఒప్పేస్తే అనుమానం వస్తుందేమోనని, "వేళ్ళ దగ్గర మాత్రం కాస్త తెలియడం లేదు" అని తనే ఉదారంగా ఒప్పుకున్నాడు. డాక్టర్ని మోసం చేశానని సంబరపడే రోగిని ఏమనాలి చెప్పండి!

"వేళ్ళయితేనేం, అది బ్రేకు తొక్కే కాలు. ఇకమీదట మీరు బండి నడపకూడదు" అన్నాడు డాక్టరు. "ఇంకొకటి. ఈ కాలు దెబ్బ తగిలినా మీకు చెప్పదు. రోజూ మీరే పాదం తిప్పి, అడుగు భాగం కళ్ళతో చూసుకోవాలి."

"నా మొహమే నేను అద్దంలో సరిగ్గా చూసుకోను, అరికాలు చూసుకోవాలట" అని బయటికొచ్చాక సణిగాడు. చూసుకోలేదు. ఒక్కరోజూ చూసుకోలేదు. కారు వెనక లైట్లు మాత్రం పొద్దున్నే క్రమం తప్పకుండా చూసుకునేవాడు. కాలు కాలిన పిల్లిలా ఇంటి చుట్టూ తిరగడం మాత్రం మానలేదు. ఆ పిల్లికి కనీసం కాలు కాలినట్టయినా తెలుస్తుంది.

భార్య కర్టెన్లు కుడుతుంది. ఇంటి ముందుగదే కొట్టు. గోడ పొడుగునా రంగురంగుల గుడ్డ చుట్టలు, మధ్యలో మంచమంత కత్తిరింపు బల్ల, దాని కింద రాడ్లు, రింగులు, కొక్కేల డబ్బాలు. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. నిద్రపోయేటప్పుడు తప్ప ఆ రెండూ ఆవిడ ఒంటిమీంచి దిగవు. మాట తక్కువ, చెయ్యి నిక్కచ్చి. గుడ్డ మీద గీత గీసిందంటే కత్తెర మధ్యలో తడుముకోకుండా గీత చివరిదాకా పోయి, అక్కడ టక్కున ఆగుతుంది.

కుట్టడం ఆవిడ పని, కుట్టినవి కార్లో వేసుకుని వెళ్ళి తగిలించి రావడం ఇద్దరి పనీ. ఆయన నడిపేవాడు, ఆవిడ నిచ్చెనెక్కేది. ఇప్పుడు ఆయన స్టీరింగు వదిలేసరికి కొట్టుకి చక్రాలు పోయాయి. సరిగ్గా అప్పుడే ఊరికి ఆ చివర కొత్తగా కట్టిన ఆస్పత్రి నుంచి పని వచ్చింది. వార్డులన్నిటికీ మంచాల మధ్య తెరలు, కిటికీలకి కర్టెన్లు. నెలల తరబడి సాగే పని. అది చేసి చూపిస్తే వాళ్ళ మిగతా ఆస్పత్రులదీ తనకే ఇస్తామన్నారు. చెయ్యలేకపోతే కాచుకుని కూర్చున్న కొట్లు బోలెడున్నాయి. ఆవిడ రెండ్రోజులు ఆలోచించింది. మూడో రోజు తమ్ముణ్ణి పిలిచి, "ఒరేయ్, నాకు కారు నేర్పు" అంది. మనిషి పొట్టి. సీటు మీద కర్టెను గుడ్డతో కుట్టిన దిండు వేసుకుని, రెండు నెలల్లో నేర్చేసుకుని, పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చి బల్లమీద పెట్టింది.

నడపడం బాగానే నడుపుతుంది. కాకపోతే గుడ్డ కోసినట్టే నడుపుతుంది. తిన్నగా పోయి పోయి, ఆగాల్సిన చోట టక్కున ఆగుతుంది. మరి ఆయనో? ముందు వంద గజాల్లో ఎర్రరంగు కనిపిస్తే చాలు, బ్రేకు మీద మెల్లగా తట్టి వెనకవాళ్ళని మేల్కొలిపే అలవాటు. పక్క సీట్లో ఆయన పడే అవస్థ పగవాడికి కూడా వద్దు.

"అదిగో వ్యాను. వ్యాను! బ్రేకు, బ్రేకు!"

"చూశానండీ. ఇంకా బోలెడు దూరం ఉంది."

"దూరం ఉన్నప్పుడే తొక్కాలోయ్. దగ్గరికెళ్ళాక పెట్టేది బ్రేకు కాదు, దండం."

"మీరలా నేలని తంతే కారుకి కింద బొక్క పడుతుంది."

నిజమే, ఆయన కుడికాలు తన్నుతూనే ఉండేది. అక్కడ బ్రేకు లేదని దానికెవరు చెప్తారు? ముప్పయ్యేళ్ళు చేసిన పని అది. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టకముందే ఈయన కాలు నాలుగుసార్లు తొక్కేసి ఉండేది.

"ముందు చూసుకోవడానికి నీకు కళ్ళున్నాయి. వెనకాలవాడికి ఉన్నదల్లా మన ఎర్రలైటేనోయ్" అని ఒకరోజు మొదలుపెట్టి, ఇంటి పెరట్లో కారు నిలబెట్టి డిక్కీ తెరిచాడు. కార్పెట్టు లేపాడు, వెనక లైటు డొప్ప విప్పాడు, టెస్టరు ముల్లు ఒక్కో వైరుకి ఆనించి బ్రేకు వైరు ఏదో పట్టుకున్నాడు. దానికి ఇంకో వైరు కలిపి, సోల్డరింగ్ చేసి, టేపు చుట్టి, వెనకద్దం లోపల పైన పొడుగాటి ఎర్రలైటు ఒకటి బిగించాడు. పాత కార్లకి పై లైటు ఉండదు. ఇప్పుడు ఈ కారుకి ఉంది. పని ముచ్చటగా చేశాడు, కాదనలేం.

తర్వాత పరీక్ష. ఈ పరీక్షలో మాత్రం ఆయన ఒక విషయం ఎవరికీ వదిలేవాడు కాదు. స్టీరింగు ముందు తనే కూర్చుని, తనే తొక్కాలి. ఆవిడ వెనక నిలబడాలి. రోజూ పొద్దున్నే అంతే. కదలని కార్లో అయినా సరే, ఆ నిమిషం మాత్రం ఆయన డ్రైవరు.

"వెలిగిందా?"

"వెలిగింది. మూడూ వెలిగాయి. పెళ్ళివారి కారులా ఉంది."

"ఆరిందా?"

"ఆరింది."

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. పై లైటుతో నాలుగు రోజులు నెమ్మదించాడు, అయిదో రోజు మళ్ళీ కాలు తన్నడం మొదలుపెట్టింది. లైట్లు ఎన్నుంటే ఏం, అవి వెలిగేది ఆవిడ తొక్కినప్పుడే కదా! ఆవిడ తొక్కేది చివర్న. ప్రమాదం ముందుగా చూసేది తను. చూసేవాడి కాలికి తీగ లేదు, తీగ ఉన్న కాలు ఆలస్యంగా చూస్తోంది. మరి తన కాలికే ఒక తీగ వేసుకుంటే? కారు ఆగక్కర్లేదు. ఊరికే లైటు వెలిగితే చాలు, వెనకవాడు జాగ్రత్తపడతాడు. ఈ ఆలోచన వచ్చాక ఆయన ఆ రాత్రి తిన్నదేమిటో కూడా చూసుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. ఎవరినీ అడగలేదు. భార్యని అసలే అడగలేదు. అడిగితే ఆవిడ ఒక్క చూపు చూస్తుందని తెలుసు.

ఆవిడ కొలతలకని బయటికెళ్ళిన పూట అటక ఎక్కాడు. అక్కడ ఆవిడ పాత కుట్టుమిషను పెడలు ఒకటి పడుంది. దాని స్ప్రింగు మెత్తబడి, "తొక్కక్కర్లేదు, కాలు ఆనిస్తే చాలు, దానంతటదే పరిగెడుతోంది" అని విసుక్కుని ఆవిడ అటకమీదికి గిరాటేసిన పెడలు. ఆయనకి అదే నచ్చింది. మెత్తగా ఉంటే కాలికి శ్రమ ఉండదు కదా! లోపలి సరుకంతా పీకేసి ఒక చిన్న స్విచ్చు కూర్చాడు. ఫ్యూజుల డబ్బా నుంచి ఒక వైరు స్విచ్చుకి, స్విచ్చు నుంచి ఇంకో వైరు తలుపు గడపమీది ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి, వెనక సీటు అడుగు నుంచి డిక్కీ దాకా. అక్కడ బ్రేకు వైరుతో ముడి. పెడలు పక్క సీటు ముందు రబ్బరు మ్యాటు కిందికి పోయింది. పైకి చిన్న ఎత్తులా కనిపిస్తుందంతే.

పరీక్షకి మనిషి లేడు. దొంగపనికి సాక్షిని ఎవరు పిలుస్తారు? మోకాళ్ళమీద కూర్చుని పెడల్ని చేత్తో నొక్కి, అద్దంలోంచి వెనక గోడ చూశాడు. గోడ ఎర్రబడింది. చెయ్యి తీశాడు. గోడ మళ్ళీ మామూలైంది. తనే తొక్కి తనే చూసుకుంటానన్నవాడి గురించి తను చెప్పిన పాఠం ఆయనకి ఆ పూట గుర్తు రాలేదు.

మర్నాటి ప్రయాణంలో ఆయన నోరు లేవలేదు. వ్యాన్లొచ్చాయి, బస్సులొచ్చాయి, మలుపులొచ్చాయి. ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. కనిపించినప్పుడల్లా మెల్లగా కాలు ఆనించడం, తీసేయడం, అంతే. మనసులో తనే నడుపుతున్నట్టుంది. ఎన్నాళ్ళకో ఒళ్ళు కుదుటపడింది.

"ఒంట్లో బాగానే ఉందా? ఇంత మంచివారైపోయారేంటి?" అంది ఆవిడ.

"నీ డ్రైవింగు బాగుపడిందిలే" అన్నాడు, వెనక్కి వాలి.

ఆవిడ మొహం వెలిగింది. ఎంతసేపు! ఆ వారమే వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. హారను అంటే మామూలు హారను కాదు, చెవుల్లో మేకులు దిగ్గొట్టినట్టు. లైట్లు ఆర్పి వెలిగించి బెదిరించేవాళ్ళు కొందరు. దాటిపోతూ తల బయటపెట్టి తిట్టేవాళ్ళు కొందరు. ఒక మోటారుసైకిలు కుర్రాడు పక్కకొచ్చి, గుప్పిట మూసి తెరిచి, కారు వెనక్కి చెయ్యి చూపించి పోయాడు. అదేదో బూతు సైగ అనుకుంది ఆవిడ.

"నేనేం చేశానండీ? నా దారిలో నేను పోతున్నా కదా!"

"వాళ్ళకి బుద్ధిలేదు. నువ్వు పోనీ" అన్నాడాయన. లోకంలో డ్రైవర్లు పాడైపోయారని ఆయన నిజంగానే నమ్మాడు.

రోజులు గడిచేకొద్దీ ఆవిడ వంగిపోయింది. స్టీరింగు పట్టుకుంటే వేళ్ళ కణుపులు తెల్లబడేవి. పెద్దరోడ్డు వదిలేసి సందుల్లోంచి పోవడం మొదలుపెట్టింది. చివర్న టక్కున ఆగే మనిషి, ఇప్పుడు ఆగాలో వద్దో తెలియక నడిరోడ్డు మీద తడబడేది. ఆ తడబాటు కొట్టులోకి కూడా పాకింది. ఒకరోజు ఒక తెర అంచు వంకరగా కోసింది. ఇన్నేళ్ళలో ఆవిడ కత్తెర వంకర పోగా ఆయన చూడలేదు.

ఆ మధ్య సిగ్నలు దగ్గర ఒకసారి ఎందుకో కిందికి చూశాడు. చెప్పులు జారుతున్నాయని కార్లోకి తొడుక్కున్న బూటు మ్యాటు మీది ఎత్తు మీదే ఉంది. తను ఎప్పుడో తీసేశాననుకున్నాడే! "ఇప్పుడే ఆనించానేమోలే" అని సర్దిచెప్పుకుని, మోకాలు పట్టుకుని కాలు పక్కకి జరిపాడు. జరిపాడు గానీ ఆ చూసింది లోపల ముల్లులా ఉండిపోయింది. ఇంటికొచ్చి పెరట్లో కారు చుట్టూ తిరిగాడు, ఆగాడు, మళ్ళీ తిరిగాడు. సెలవురోజు పీకేద్దాం అనుకున్నాడు. సెలవురోజు వచ్చింది, టేపు చుట్ట వెతుకుతూ పొద్దు పుచ్చాడు. పీకేస్తే మళ్ళీ పక్క సీట్లో ఉత్తి సరుకులా కూర్చోవాలి కదా!

ఒక సాయంత్రం ఆవిడ వంటగదిలో టీ గిన్నె దించి, స్టవ్వు ఆర్పి, వెనక్కి తిరక్కుండానే అంది: "నా వల్ల కాదండీ. రోడ్డు మీద అందరికీ నేనే అడ్డం. నా కాలులోనే ఏదో తేడా ఉంది. ఆస్పత్రి మేనేజరమ్మకి చెప్పేస్తాను, వేరేవాళ్ళని చూసుకోమని."

"ఎవడో మొరిగాడని ఇంత మంచి పని వదులుకుంటావా?"

"ఒకడు మొరిగితే వాడిది తప్పు. ఊరంతా మొరిగితే నాదే."

ఆయన నోరు తెరిచాడు. చెప్దామనే తెరిచాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. ఈయన చించుకుంటే పడేది సరిగ్గా ఆ కాలి మీదే. నోరు మూసేశాడు. "రేపటి సరుకొక్కటి ఇచ్చేసొద్దాం. తర్వాత నీ ఇష్టం" అన్నాడు, టీ గ్లాసు పట్టుకుని గది నాలుగు మూలలా తిరుగుతూ.

మర్నాడు కారు నిండా నీలంరంగు తెరలు. పొద్దుటి పరీక్ష మామూలుగానే అయింది. ఆయన తొక్కాడు, ఆవిడ చూసింది, వెలగాల్సినప్పుడు వెలిగింది, ఆరాల్సినప్పుడు ఆరింది. అవును మరి, అప్పుడాయన కాలు పక్క సీట్లో లేదుగా!

ఆస్పత్రి గేటు కనిపించింది. ఆవిడ మలుపు లైటు వేసి, వేగం తగ్గించి, గేటు ముందు ఆగింది. వెనకనుంచి దబ్బున చప్పుడు. తెరల కట్టలు ముందుకి దూకి ఇద్దరి మెడలమీదా పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డిక్కీ తలుపు మాత్రం లోపలికి నొక్కుకుపోయింది.

గుద్దింది రొట్టెల వ్యాను. దాని డ్రైవరు దిగి వచ్చేసరికి ఆవిడ కూడా దిగింది. ఈయన కట్టల కింద ఇరుక్కుని సీట్లోనే ఉన్నాడు.

"ఏమ్మా, ఆగేటప్పుడు తెలిసేట్టు ఆగొద్దా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"బ్రేకు తొక్కాను కదయ్యా! మూడు లైట్లున్నాయి. కనిపించలేదా?"

"కనిపించకేం! పెద్ద కూడలి దగ్గర్నుంచీ కనిపిస్తూనే ఉన్నాయి. వెలిగిన లైటు ఆరితే కదమ్మా, మళ్ళీ ఎప్పుడు తొక్కారో మాకు తెలిసేది? దారి పొడుగునా తొక్కుకుంటూ వస్తే మేమేం చెయ్యాలి?"

"నేను తొక్కలేదు." ఆవిడ తన కాలి వంక చూసుకుంది. "అంటే... తొక్కానేమో. నాకు తెలియకుండానే కాలు దానిమీద పెట్టి ఉంచానేమో. ఇదేనన్నమాట అందరూ... నేను బండికి పనికిరాను. మీదేం తప్పులేదు బాబూ, తప్పు నాదే."

లోపల కూర్చున్నాయనకి ప్రతి మాటా వినిపిస్తోంది. ఆవిడ ఒక బయటివాడి ముందు చేతులు జోడించడం అద్దంలో కనిపిస్తోంది. దొంగకి తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు.

"మీరు పొరబడుతున్నారమ్మా" అన్నాడు వ్యాను డ్రైవరు ఉన్నట్టుండి. గొంతులో కోపం పోయి వింత వచ్చింది. "మీరిక్కడ నా ముందు నిలబడ్డారు కదా. చూడండి, ఇప్పుడు కూడా వెలుగుతూనే ఉన్నాయి."

ఆవిడ తిరిగి చూసింది. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. వెనక మూడు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి.

కాలు ఎప్పుడో తీసేశాననుకుంటున్నాడు ఆయన. గుద్దిన క్షణంలోనే తీశాననుకుంటున్నాడు. వంగి తెరల కట్ట పక్కకి నెట్టి చూశాడు. బూటు పెడలు మీదే నిండుగా ఆని ఉంది, ఎవరిదో మరిచిపోయిన బూటులా. తొడ కింద రెండు చేతులూ పెట్టి కాలు పైకెత్తాడు.

"ఆ, ఆరింది" అన్నాడు బయట వ్యాను డ్రైవరు.

కాలు చేతుల్లోంచి జారి మళ్ళీ పడింది.

"వెలిగింది."

ముప్పయ్యేళ్ళు విన్న మాటలే. ఎప్పుడూ ఇంత సిగ్గుగా వినలేదు. అద్దంలోంచి ఆవిడ తననే చూస్తోంది. ఆ ఒక్క చూపు, తను భయపడిన చూపు, ఇప్పుడు చూసింది.

తెరలు దించి, వార్డులో తగిలించి, ఆవిడ కారు ఇంటివైపు తిప్పింది. దారిలో ఆయన రెండు కాళ్ళూ సీటు మీదికి ఎత్తుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. వెనకనుంచి ఒక్క హారను మోగలేదు. ఆ నిశ్శబ్దమే ఆయన్ని ఎక్కువ తిట్టింది.

పెరట్లోకి రాగానే ఆవిడ మ్యాటు లేపి పెడలు చేతిలోకి తీసుకుంది.

"ఇది నా పెడలు. కాలు ఆనిస్తే చాలు ఆగకుండా పోతోందనే కదా పారేశాను."

"వెనకవాళ్ళకి ముందుగా తెలియాలనోయ్... నీ మంచికే..."

"నా మంచికి! నిద్దర్లో కూడా నా కాలే తడుముకుంటున్నానండీ నెల్నుంచీ. ఇది నేను తొక్కానా, ఎప్పుడు తొక్కాను అని. నా కాలు మంచిది కాదని బయటివాడికి దండం పెట్టాను. మీరు లోపల కూర్చుని విన్నారు." అంతకంటే అరవలేకపోయింది. "లోపలికి పదండి. బల్ల ఎక్కండి."

కత్తిరింపు బల్లమీద ఆయన్ని కూర్చోబెట్టి, బూటు విప్పి, ప్యాంటు మోకాలిదాకా మడిచింది. ఒక గుడ్డముక్క తీసి కళ్ళకి గంతలా కట్టింది.

"ఇదెందుకు? మూసుకుంటాగా!"

"మీరు మూసుకోవడం నాకు తెలుసు." బల్లమీద ఏదో చప్పుడైంది. "చెప్పండి. ఇక్కడ తెలుస్తోందా?"

"ఆ. తెలుస్తోంది."

"నేనింకా ముట్టుకోలేదు."

ఆయన తల వాలిపోయింది. ఆ తర్వాత అబద్ధమాడలేదు. "ఇక్కడ?" "లేదు." "ఇక్కడ?" "లేదు." ఆవిడ వేలు పాదం దాటింది, చీలమండ దాటింది, పిక్క ఎక్కింది. "ఇక్కడ?" "లేదు." మోకాలికీ చీలమండకీ సగందారిలో ఎక్కడో ఆయన ఉలిక్కిపడి "ఆ" అన్నాడు. ఆవిడ చెవి వెనక సుద్దముక్క తీసి సరిగ్గా అక్కడ గీత గీసింది. గంతలు విప్పింది.

ఆయన ఆ తెల్లటి గీత చూశాడు. దానికింద ఉన్నదంతా చూశాడు.

"డాక్టరుకి వేళ్ళన్నారు." ఆవిడ ఏడుస్తోంది. "ఇంత కాలు పోగొట్టుకుని నాతో ఒక్క మాట అనలేదు."

"చెప్తే పక్క సీటు కూడా ఉండదనుకున్నానే" అన్నాడాయన. "ఇంట్లో కూర్చోబెడతావేమోనని. కూర్చోవడం నాకు చేతకాదు. భయమేసింది."

ఆవిడ టేపు మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, ఆ కాలు పక్కనే తల ఆనించి చాలాసేపు ఉంది.

తెల్లారాక ఆయనే డిక్కీ తెరిచాడు. నొక్కుకుపోయిన తలుపుని సుత్తితో తట్టి మూతపడేట్టు చేశాడు. డిక్కీలో ముడి విప్పాడు, సీటు అడుగునుంచి వైరు లాగాడు, గడప పట్టీ కిందనుంచి లాగాడు, ఫ్యూజు దగ్గర ఊడదీశాడు. వైరు చుట్టచుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. పరీక్షకని అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. అక్కడ ఆగాడు. చెయ్యి తీసేసి, నడుచుకుంటూ కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు తొక్కు" అన్నాడు. "నేను చూస్తాను."

ఆవిడ దిండు సర్దుకుని ఎక్కింది. "వెలిగిందా?"

"వెలిగింది."

"ఆరిందా?"

"ఆరింది."

"మేనేజరమ్మకి పని మానేస్తానని చెప్పట్లేదు" అంది కిటికీలోంచి. "ఇవాళ ఒక్కదాన్నే వెళ్తా. సాయంత్రం డాక్టరు దగ్గరికి ఇద్దరం. ఈసారి గంతలు నేనే కడతా."

కారు గేటు దాటింది. ఆయన గేటు దగ్గర ఉండాల్సిన మనిషి, ఉంటే ఆయనెలా అవుతాడు! వీధిలోకి వచ్చేశాడు. కారు వెనకే గబగబా నడిచాడు, వీధి మలుపు దాకా పోయాడు. దూరంగా పెద్దరోడ్డు కలిసేచోట బస్సు అడ్డంగా పోతోంది. ఆవిడ ఇంకా చాలా ఇవతల ఉంది. అప్పుడే మూడు లైట్లూ ఒక్క క్షణం వెలిగి ఆరాయి. మళ్ళీ వెలిగాయి. తట్టింది. సరిగ్గా తను తట్టినట్టే, వెనకవాడికి తెలిసేట్టు, ముందుగా తట్టింది.

"వెలిగింది!" అని వీధి మధ్యలో గట్టిగా అరిచాడు. వినేవాళ్ళెవరూ లేరు. కారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

ఇంటివైపు తిరిగేసరికి, వచ్చిన దారిలో కుడి చెప్పు ఒక్కటే బోర్లాపడి కనిపించింది. ఎప్పుడు జారిందో తెలియదు. రోడ్డు మరమ్మతుకని పోసిన కంకర మీదినుంచి ఆ వట్టి కాలితోనే అంతదూరం నడిచాడు. ఎప్పటిలా అయితే చెప్పు తొడుక్కుని పోయేవాడే. ఇప్పుడు పక్కనున్న మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులతో పాదాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ దాకా మెల్లగా చూసుకోసాగాడు.